పేరు చెప్పిన పసరు

1998 మార్చి 6, శుక్రవారం, ఖతర్ దేశం. ఉమ్ సలాల్‌లోని ఒక తోట వెనక పెరట్లో ఆ పొద్దున గంగామణి కోసిన గంగవాయిలి కూర నాలుగు కిలోలకు తక్కువ ఉండదు. దాన్ని ఎవరూ తూచలేదు. ఖర్జూరాలు తూచీ తూచీ చెయ్యి తిరిగిన భూమేష్, గంపను ఒక్కసారి పైకి లేపి చూసి ఆ మాట అన్నాడు. భూమేష్ ఆమె భర్త, ఆ తోటకు నీళ్ళు పెట్టేవాడు. ఆమె తోట యజమానుల విల్లాలో వంట చేసేది. ఇద్దరిదీ ఆర్మూరు దగ్గరి పల్లె. ఖర్జూరపు చెట్లకు పారగా మిగిలిన నీళ్ళు వాళ్ళుండే రెండు గదుల వెనక్కి చేరి ఇంకేవి. ఆ తడి నేలనే ఆమె పెరడు అనుకునేది.

ఆ పెరట్లో ఆమె విత్తింది ఏదీ లేదు. నీటి తడికి నేల తనంతట తాను ఏమిస్తే అదే. ఆ చలికాలం రెండు మూడు మంచి వానలు పడ్డాయేమో, ఇసుకలోంచి కూడా పచ్చదనం తల ఎత్తింది. గంగవాయిలి నేలకు అంటుకుని, ఎర్రటి కాడలతో, చిన్న చిన్న దళసరి ఆకులతో అల్లుకుపోయింది. గోడ నీడన గుండ్రటి ఆకులకు కుచ్చిళ్ళు పెట్టినట్టుండే మరో మొక్క మోకాలెత్తు పెరిగింది. దాని పేరు గంగామణికి తెలియకపోతే, విల్లా పెద్దావిడ జమీలా 'ఖుబ్బైజ్' అని చెప్పింది. ఆ ఆకు ఉడికించి గోరువెచ్చగా కడితే గడ్డలు పక్వానికి వస్తాయని కూడా చేతులు తిప్పి చూపించింది. గంగవాయిలి ఆమెకూ ఎరికే. ఇక్కడి వాళ్ళు దాన్ని 'బర్బీర్' అని, చేపల అన్నంతో పచ్చిగానే నంజుకుంటారు. తన వంటమనిషి దాన్ని పప్పులో ఉడికిస్తుందని తెలిసిన రోజు జమీలా నమ్మలేక వంటగదిలోకి వచ్చి, గరిటెతో ఒక చుక్క నాలుక మీద వేసుకుని, తనకూ పెట్టమని గిన్నె పట్టింది.

పని మనుషులు ఆ ఇంట్లో జమీలాను 'మామా' అని పిలిచేవాళ్ళు. అక్కడ ఆ మాటకు అమ్మగారని అర్థం. మేనమామను పిలిచినట్టుందని గంగామణికి మొదట్లో నవ్వాగేది కాదు. తరవాత అలవాటైపోయింది.

గంగవాయిలిని పొద్దెక్కక ముందే కోయాలనేది గంగామణి పట్టింపు. తెల్లారగట్ల కోసిన ఆకు పుల్లగా ఉంటుంది, చింతపండు పని లేదు. సాయంత్రం కోస్తే అదే ఆకు చప్పబడిపోతుంది. శుక్రవారాలు మాత్రం ఆమె గంప నిండా కోసేది, ఎందుకంటే ఆ రోజు క్యాంపు వాళ్ళు వచ్చేవాళ్ళు. ఊరి చివర రోడ్డు పనులు చేస్తున్న ఒక కంపెనీ క్యాంపులో నిజామాబాద్, కరీంనగర్ జిల్లాల మనుషులు కొందరు ఉండేవాళ్ళు. వారమంతా తారు సెగలో డ్యూటీ. సెలవు రోజున పప్పులో వెల్లుల్లి తాలింపు వాసన వాళ్ళను ఆ పెరటి దాకా నడిపించుకొచ్చేది.

తిండితో పాటు మందు కూడా అక్కడే దొరికేది. ఒంట్లో వేడి చేసి మూత్రం మంటగా వస్తోందన్న వాడికి గంగవాయిలి రసం మజ్జిగలో కలిపి ఇచ్చేది. నోరు పూసిన వాడికి అదే ఆకు పచ్చిగా నమలమని చెప్పేది. తట్టలు మోసి మెడ మీద గడ్డ లేచిన వాడికి జమీలా నేర్పిన ఖుబ్బైజ్ కట్టు. ఇవేవీ పెద్ద వైద్యాలు కావని గంగామణికే తెలుసు. అయినా ఆమె చేతికి హస్తవాసి ఉందని క్యాంపులో పేరు పడింది. ఆ పేరు ఆమెకు ఇష్టంగానే ఉండేది. పరాయి వాళ్ళ వంటగదిలో రోజంతా పరాయి వంట చేసే మనిషికి, తన పేరు మీద నలుగురు వెతుక్కుంటూ రావడం చిన్న సంగతి కాదు.

ఆ శుక్రవారం పప్పు ముందు అందరికంటే వెనక కూర్చున్నవాడు హన్మాండ్లు. భూమేష్ ఊరివాడు, వరసకు తమ్ముడు, గంగామణికి మరిది. మామూలుగా రెండో వాయి కూడా అడిగి తినేవాడు, ఆ రోజు ముద్ద కలిపి కలిపి అలాగే ఉంచాడు. పెండ్లాం కలలోకి వచ్చి కడుపు నింపి పోయిందని పక్కవాళ్ళు ఎగతాళి చేశారు. అందరూ నవ్వారు. హన్మాండ్లు కూడా నవ్వాడు కాని, నవ్వుతున్నప్పుడు అతని కళ్ళు గంగామణికి కనిపించాయి.

తిన్నవాళ్ళు చెట్ల కింద నడుం వాల్చాక ఆమె అతన్ని గోడ దగ్గరికి పిలిచింది.

"ఇట్ల ఎల్తుర్ల కూసో."

వద్దన్నట్టు తల తిప్పుకున్నాడు. ఆమె గడ్డం పట్టుకుని ఎండ వైపు తిప్పి, కింది రెప్ప బొటనవేలితో లాగి చూసింది. తెల్లగా ఉండాల్సిన చోటంతా పసుపు పూసినట్టుంది.

"ఎన్నొద్దులాయెరా గిట్లయి?"

నాలుగైదు రోజులైందని, మూత్రం తేనీళ్ళలా వస్తోందని, అన్నం వాసనకే కడుపులో తిప్పుతోందని అతను మెల్లగా ఒప్పుకున్నాడు. దవాఖానకు ఎందుకు పోలేదని అడిగితే చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. వాళ్ళ గదిలోనే ఒక నేపాలీ మనిషికి ఇలాగే కళ్ళు పచ్చబడ్డాయి. దవాఖానకు పోతే రక్తం తీశారు. కామెర్లలో చెడ్డ రకమని తేలిందట. ఆ మనిషి మళ్ళీ గదికి రాలేదు, సామాను మాత్రం ఎవరో వచ్చి పట్టుకుపోయారు.

"ఇంటికి పంపిచ్చినంక మల్లా రానియ్యరు వదినా. నేనచ్చి ఏడాది గూడ కాలే." ఎన్ని రోజులుగానో దాచుకున్న మాట బయటపెట్టాడు. "రాజవ్వ పెద్దమ్మ పసరు తాగి బతికినోణ్ణి నేను. చిన్నప్పుడు. గా ఆకు ఆమె నీకు చెప్పే ఉంటది గదా. నువ్వు పొయ్యి, నేను తాగుత. ఎవ్వలకు తెల్వది."

రాజవ్వ గంగామణి అత్త. కామెర్లకు పసరు పోయడంలో ఆ చుట్టుపక్కల ఊళ్ళకు ఆమే దిక్కు. ఆ పసరుకు కొన్ని కట్టుబాట్లు ఉండేవి. తెల్లవారకముందే, ఎవరితోనూ మాట్లాడకుండా ఆకు తెంపాలి. తాగే మనిషి పరగడుపున వచ్చి, మింగే దాకా నోరు విప్పకూడదు. ఇచ్చినందుకు ఏమీ పుచ్చుకోకూడదు. అన్నిటికంటే గట్టిది చివరిది. ఆకు పేరు బయటికి చెప్పకూడదు. చెబితే ఆ పసరు ఇక పారదు, చెప్పిన చేతికి హస్తవాసి ఉండదు. ఊళ్ళో అందరూ దాన్ని నమ్మేవాళ్ళు. కోడలు దుబాయ్ పోతోందని, అంటే ఖతర్ పోతోందని తెలిసిన రోజు రాజవ్వ ఆమెను దగ్గరికి లాక్కుని, చెవిలో ఆ పేరు చెప్పింది. ఇన్నేళ్ళలో గంగామణికి దాంతో పని పడలేదు.

హన్మాండ్లు చేతులు పట్టుకుని బతిమాలుతుంటే ఆమెకు తోటలోని నీళ్ళ పంపు గది పక్కన చూసిన మొక్క గుర్తొచ్చింది. సన్నటి రెమ్మకు రెండు వైపులా చింతాకులా వరసగా ఆకులు. అత్త చూపించింది అలాంటిదే. ధైర్యం వచ్చేసింది. రేపు తెల్లారక ముందు, డ్యూటీ బస్సు కంటే ముందు, నోట్లో నీళ్ళు కూడా పోసుకోకుండా రమ్మని చెప్పి పంపింది. అతను వెళ్తూ వెళ్తూ రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు. వచ్చినప్పటికంటే తేలికగా నడిచాడు.

సాయంత్రం వేళ ఆమె పంపు గది దగ్గరికి వెళ్ళింది. పసరుకు తెంపే మొక్కను ముందు రోజు సాయంత్రమే చూసుకుని, చిటికెడు బియ్యం పెట్టి, రేపు వస్తానని చెప్పుకోవడం ఆనవాయితీ. బియ్యం పెట్టింది. మొక్కకు దండం పెట్టింది. లేవబోతూ, చీర కుచ్చెళ్ళకు తగిలిన రెమ్మ విరిగితే తీసి చూసింది.

విరిగిన చోట తెల్లగా పాల చుక్క నిలిచింది.

ఆమె ఇంకో రెమ్మ విరిచింది. మళ్ళీ పాలు. అత్త తెంపిన ఆకుకు పాలు కారేవి కావు. ఆకు తిప్పి చూసింది. అత్త చూపించిన మొక్కకు ఆకుల కింద ఆవగింజలంత కాయలు వరసకట్టి వేలాడేవి. దీనికి అవి లేవు, రెమ్మ మొదట్లో ఏవో బొడిపెలు మాత్రం ఉన్నాయి. ఆకు వరస చూసి మోసపోయింది. ఇది ఆ మొక్క కాదు. మరేదో ఆమెకు తెలియదు. తోట చుట్టూ తిరిగింది. నీళ్ళ కాలవల గట్లు, మేకల దొడ్డి వెనక, గోడ వారన, చీకటి పడేదాకా వంగి వంగి వెతికింది. ఆ నేల మీద ఆ మొక్క లేదు.

ఆమె ముఖం చూసి భూమేష్ ఏమైందని అడిగాడు. ఆకు దొరకలేదని చెప్పింది, పేరు మాత్రం అతనికి కూడా చెప్పలేదు. భూమేష్ తన ఉపాయం చెప్పాడు.

"దొరకకుంటే ఇంకోటి పొయ్యి. గంగవాయిలి దంచి మజ్జిగల కలిపియ్యి, చెరుపైతే చెయ్యది గదా. ఆనికి ఆకు తెల్వది. నీ చెయ్యి మీద నమ్మకమున్నది. గా నమ్మకంతోనే సగం తగ్గుతది."

"మిగిలిన సగం?"

భూమేష్ మోసగాడు కాదు, తమ్ముడు వరసవాణ్ణి విమానం ఎక్కించడం చూడలేని మనిషి. ఆమెకూ ఆ మాట తప్పనిపించలేదు. హన్మాండ్లు అడుగుతున్నది ఆకును కాదు, ధైర్యాన్ని. ఒక గ్లాసు మజ్జిగతో అది ఇవ్వగలిగితే ఎందుకు ఇవ్వకూడదు?

అలా అనుకుంటూనే అంట్లు తోముతుంటే, తాను కొత్త కోడలుగా ఉన్నప్పటి ఒక సంగతి ఆమె ముందుకు వచ్చింది. రైసు మిల్లు గుమస్తా తమ్ముణ్ణి రాజవ్వ దగ్గరికి తెచ్చారు. రాజవ్వ పసరు పోసింది. తగ్గలేదు. మళ్ళీ పోసింది. కాళ్ళు వాచాయి, పొట్ట ఉబ్బింది. చివరికి బండి కట్టేసరికి ఆలస్యమైంది. ఆ సాయంత్రం రాజవ్వ అన్నం ముట్టకుండా గోడకు ఆనుకుని కూర్చుని, ఎవరో అడిగినట్టు చెప్పుకుంటూ పోయింది. "నేను పోసినన్ని దినాలు ఆడు నా గడపలనే కూసున్నడు. నాతోని కాదంటే నిజామాబాద్ పోతుండె."

అప్పుడు గంగామణికి అది ముసలామె దుఃఖంలా మాత్రమే వినబడింది.

శనివారం తెల్లవారకముందే ఆమె గంగవాయిలి కోసి, రోట్లో దంచి, గుడ్డలో పిండి మజ్జిగలో కలిపింది. ఎందుకు చేస్తున్నదో ఆమెకే తెలియదు. చేతులు అలవాటు కొద్దీ పని చేసుకుపోయాయి. హన్మాండ్లు చెప్పిన వేళకు వచ్చాడు. తలకు చుట్టిన తువ్వాలు తీసి భుజాన వేసుకుని, చెప్పులు వదిలి, తూర్పుకు తిరిగి కూర్చున్నాడు. కట్టుబాటు ప్రకారం ఒక్క మాట మాట్లాడలేదు. తెలవారుతున్న వెలుతురులో అతని ముఖమే పసుపు రంగుగా కనిపించింది. ముందురోజు లేని కొత్త భారం ఏదో ఆ భుజాల మీద ఉంది. చిన్నపిల్లవాడిలా రెండు చేతులూ చాచాడు.

ఆమె గ్లాసు అందించింది. అతను కళ్ళు మూసుకుని పెదవుల దాకా తెచ్చుకున్నాడు.

"హన్మాండ్లూ," అంది గంగామణి. "మా అత్త పోసింది నేలుసిరి ఆకు."

గ్లాసు అక్కడే ఆగిపోయింది. అతను కళ్ళు తెరిచాడు.

"పేరెందుకు చెప్పినవ్ వదినా?"

"చెప్పిన. ఇంక నా చేతిల ఏం లేదు. గా గిలాసలున్నది నేలుసిరి గూడ కాదు, నిన్న నువ్వు పప్పుల తినకుంట ఇడిసిపెట్టిన గంగవాయిలి. నేలుసిరి ఈడ మొలుస్తలేదు. నడు, దవాఖానకు పోదాం."

"నన్ను సంపినట్టే అయింది గదా."

"సంపెటట్టుంటే పోసేదాన్ని."

హన్మాండ్లు గ్లాసు పక్కన పెట్టి మోకాళ్ళ మీద తల ఆనించుకున్నాడు. గంగామణి అతని పక్కన నేల మీద కూర్చుంది. అలా మరిది పక్కన కూర్చోవడం వాళ్ళ ఊళ్ళో ఉండదు. ఆమె దాన్ని గురించి ఆలోచించలేదు. రైసు మిల్లు గుమస్తా తమ్ముడి సంగతి చెప్పింది, రాజవ్వ అన్న మాట చెప్పింది. ఇంటికి పంపిస్తే పంపిస్తారు, కాని అక్కడికి నువ్వే దిగాలి, నీ పెట్టె కాదు అని చెప్పింది. చివరికి అతను, ముఖం తుడుచుకోకుండానే, ఆమె వంక చూడకుండానే చెప్పులు వేసుకున్నాడు. కోపం పోలేదు. అయినా లేచాడు.

జమీలా అప్పటికే నమాజు ముగించి వాకిట్లో అరబ్బీ కాఫీ, కావా, తాగుతోంది. గంగామణి తనకొచ్చిన అరబ్బీకి హిందీ జోడించి సంగతి చెప్పింది. మామా, నా మరిదికి కళ్ళు పచ్చబడ్డాయి, కంపెనీ అంటే భయపడుతున్నాడు. జమీలా కప్పు కింద పెట్టి, హన్మాండ్లును దగ్గరికి పిలిచి, అతని కళ్ళలోకి కాసేపు చూసింది. తరవాత డ్రైవర్ లియాఖత్ అలీని కేక వేసి, "యల్లా", అంటే పదండి అని, పైన వేసుకునే నల్ల అబాయా తెచ్చుకోవడానికి లోపలికి వెళ్ళింది. బయల్దేరే ముందు క్యాంపు ఫోర్‌మన్‌కు ఫోను చేసి, ఆ మనిషితో ఈ రోజు తన తోటలో పని ఉందని గట్టిగా చెప్పింది.

దారి పొడుగునా హన్మాండ్లు గంగామణితో మాట్లాడలేదు. లియాఖత్ అలీ హైదరాబాదు వాడు. తమ బస్తీలో కామెర్లకు మెడలో దారపు దండ వేస్తారని, తనకూ వేశారని, దండ వేయించాక వాళ్ళ నాన్న వెనకనుంచి మెడ పట్టుకుని ఉస్మానియా ఆసుపత్రికి తోసుకుపోయాడని తెలుగులో చెప్పుకొచ్చాడు. ముందు సీట్లో జమీలాకు ఒక్క ముక్క అర్థం కాకపోయినా, అతను నవ్విన చోటల్లా నవ్వింది. దవాఖానలో రక్తం తీశారు, పొట్ట నొక్కి చూశారు, వారంలో రిజల్టు వస్తుందన్నారు. అప్పటిదాకా మనుషుల మధ్య ఉండొద్దని, వేరే పళ్ళెంలో తినమని చెప్పారు. జమీలా అతనికి పంపు గది చూపించింది. భూమేష్ అక్కడ నవారు మంచం వేశాడు.

తరవాతి వారం బుధవారం నాడు రిజల్టు వచ్చింది. తిండి వల్ల, నీళ్ళ వల్ల వచ్చే రకమే, ఇంటికి పంపించేంతటిది కాదు అని డాక్టరు హిందీలో చెప్పాడు. దీనికి వేరే మందంటూ లేదు, విశ్రాంతి కావాలి, గ్లూకోజు నీళ్ళు తాగాలి, నూనె తగ్గించాలి. రెండు వారాల సెలవు కాగితం ఇచ్చాడు. ఫోర్‌మన్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, క్యాంపులో తాగే నీళ్ళ ట్యాంకు కడిగించమని ఎవరికో చెప్పాడట.

శుక్రవారం క్యాంపు వాళ్ళు మామూలుగానే వచ్చారు. జరిగింది అప్పటికే అందరికీ తెలుసు. తినేటప్పుడు మాటలు తక్కువగా నడిచాయి. నోరు పూసిన ఒకడు అలవాటుగా ఆకు అడిగాడు. గంగామణి కూర వడ్డిస్తూనే, తన చేతిలో ఇప్పుడేమీ లేదని, దవాఖానలో నర్సును అడగమని చెప్పింది. వాడు తల ఊపి, ఇక అడగలేదు. ఆమె ఆ తరవాత గరిటె ఎందుకు పట్టుకుందో మరిచిపోయి కాసేపు అలాగే నిలబడింది.

అందరూ వెళ్ళాక హన్మాండ్లు పంపు గదిలోంచి గ్లూకోజు ప్యాకెట్టు పట్టుకుని వచ్చాడు. వారంలో అతను ఆమెతో మాట్లాడింది అదే మొదటిసారి.

"మందు లేదన్నడు డాక్టర్. గిదే తాగుమన్నడు. కలిపియ్యి వదినా."

"నువ్వు కలుపుకున్నా గంతే."

"ఎర్కే." అతను గడప దగ్గర కూర్చుని ప్యాకెట్టు ఆమె ముందు పెట్టాడు. "అయినా నువ్వే కలుపు."

గంగామణి చేతులు కడుక్కుంది. గ్లాసులో నీళ్ళు పోసి, రెండు చెంచాలు వేసి, ఎక్కువసేపే కలిపి, అతనికి అందించింది. హన్మాండ్లు ఒక గుక్క తాగి మొహం ముడిచాడు.

"తీపెక్కువైంది."

ఆమె కుండలోంచి ఇంకాసిని నీళ్ళు తెచ్చి ఆ గ్లాసులోనే పోసింది.